దరియా కోటలో నోటికట్టు

జ్యేష్ఠ అమావాస్య... ఆదివారం... మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన నిలిచి, మనిషి నీడ మనిషి పాదాల కిందికే ముడుచుకుపోయే ఘోరవేళ అది. అర్ధరాత్రంటే లోకమంతా జడుసుకుంటుంది గానీ, అర్ధరాత్రి దయ్యానికి చీకటి చాటు కాస్తయినా ఉంటుంది. పట్టపగటి దయ్యానికి ఆ సిగ్గు కూడా ఉండదు!

సూరత్ దగ్గర డుమస్ ఊరు దాటాక, సముద్రం వెనక్కి తగ్గి వదిలేసిన నల్లని బురదకు ఎదురుగా దరియా కోట నిలబడి ఉంది. ఏ నవాబు ఏ బేగం కోసం కట్టించాడో... ఉప్పుగాలికి రాళ్లు పుండ్లు పడి, బురుజులు విరిగిన దవడపళ్లలా మొండివై, వందల ఏళ్లుగా కెరటాల వైపు గుడ్లురిమి చూస్తోంది. పడమటి దిక్కున మేఘాలు... శవం మీద కప్పడానికి తెచ్చిన నల్ల దుప్పట్లలా ఒకదాని మీద ఒకటి! ఎక్కడో లోతుల్లో ఉరుము... గాలి మాత్రం లేదు. ఆకు కదలదు!

టికెట్ కిటికీ దగ్గర తిరునాళ్లే. టమాటా భజియా పొట్లాలు, సెల్ఫీలు, చంటిపిల్లల ఏడుపులు. ఆ జనం మధ్య పెళ్లాం మణికట్టు పట్టుకుని తలవంచుకు నిలబడ్డ నలభై ఎనిమిదేళ్ల మనిషి పేరు పరమేశ్వర్. ఆ తల ఎందుకు వంగిందో అంతమందిలో తెలిసింది ఒక్కరికే... అతనికే!

పక్కన పద్మారాణి. చూపు ఉండీ చూడని కళ్లు... ఎండి పగిలిన పెదవులు... నలభై రోజులుగా ఆమె నోట ఒక్క మాట రాలేదు! కూర్చోమంటే కూర్చుంటుంది. తినమంటే తింటుంది. కానీ రోజూ ఈ వేళకు ఆమె గొంతులో ఏదో కదులుతుంది. ఒక గొంతు కాదు... పది గొంతులు, ఇరవై గొంతులు! మూసిన పెదవుల వెనక, గోనెసంచిలో కుక్కిన పిల్లుల్లా పెనుగులాడి... మళ్లీ అణిగిపోతాయి!

"బాపు, అమ్మకు సముద్రం గాలి తగలాల్నని ఎవలు చెప్పిండ్రు? మైథిలి డాక్టరమ్మనా?" అడిగింది కూతురు హిమశ్రీ. సూరత్‌లో పుట్టి సూరత్‌లోనే కాలేజీ చదువుతున్న పిల్ల.

"ఆఁ... గామెనే."

"ఝూఠ్! మొన్న నేనే పోయిన గద ఆమె దగ్గరికి. గొంతుల ఏం లేదు, సబ్ నార్మల్, పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నది. బీచ్ గీచ్ ఏం చెప్పలే."

"మంచి గాలేనాయె, నడువు. ఊకె వకీలు లెక్క అడుగుతవేంది!"

కసిరాడు గానీ, ఆ కసురు గొంతు దాటేసరికి నీరుకారిపోయింది. తప్పు చేసినవాడి కోపానికి బలమెక్కడిది?

పరమేశ్వర్ చెడ్డవాడు కాడు... అని నలభై రోజులుగా అతనే తనకు చెప్పుకుంటున్నాడు. వేరే ఎవరూ చెప్పరు కదా! ఒకటో తరగతిలోనే బడి మానేసి, సిరిసిల్లలో బస్సెక్కి, ఆపైన రైలెక్కి వచ్చిన సాలె పిలగాడు, నేతపనివాడు. ముప్పై ఏళ్లు సూరత్ మగ్గాల చప్పుడుకు చెవులు ధారపోశాడు. కొత్త యంత్రాలు దిగాయి. పాత మగ్గాలు తుక్కు కింద పోయాయి. వాటితోపాటే అతనూ. అప్పుడు పద్మారాణి పాండేసర బస్తీలో మెస్సు పెట్టింది. అన్నం, పచ్చిపులుసు, మక్క గటక... అద్దకం మిల్లుల్లో మాడిపోయి వచ్చే మనవాళ్లంతా ఆమె చేతి కూటికి మరిగారు. పరమేశ్వర్ పేరు 'పద్మక్క పెనిమిటి'గా మారిపోయింది. అదీ మింగాడు.

ఒకరోజు ఎవరో కొత్త మనిషి, మిల్లువాళ్లు ఇచ్చిన కాగితమేదో చదివి చెప్పమని అతని చేతికిచ్చాడు. పొయ్యి దగ్గర నుంచి పద్మారాణి అంది: "ఆయనకు సదువు రాదన్నా, ఇటు పట్రా."

అంతే! అందులో విషం లేదు. పప్పులో ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగా అంది. ముప్పై మంది తింటున్నారు. ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరి నవ్వు పరమేశ్వర్ పేగుల్లో పురుగై తొలిచింది... తొలిచింది... అబద్ధమైతే ఎదురు తిరిగేవాడే. నిజం కాబట్టే భరించలేకపోయాడు!

దరియా కోట తోటలో మొక్కలు చూసుకునే ముసలి మాలి ఓంకార్ భగత్ ఆడవాళ్లకు 'నోటికట్టు' కడతాడని ఎవరో చెవిలో ఊదారు. పరమేశ్వర్ వచ్చాడు. దువ్వెనకు చిక్కిన పెళ్లాం వెంట్రుకలు తెచ్చి ఇచ్చాడు. పేరు చెప్పాడు. ఆ వెంట్రుకలతో పేనిన తాడుకు మొదటి ముడి అతని చేతనే వేయించాడు భగత్. "జర నోరు తగ్గితే సాలు" అన్నాడు పరమేశ్వర్.

జర! తెల్లారేసరికి నోరు తగ్గలేదు... మనిషే పోయింది! పరుగెత్తి వచ్చి కాళ్ల మీద పడితే భగత్ పళ్ల సందున నవ్వాడు. "అమావాస్యనాడు మధ్యాహ్నం తీసుకురా. విప్పే సంగతి చూద్దాం."

కూతురికి చెప్పలేదు. ఎలా చెప్పాలి? ఏ ముఖంతో చెప్పాలి?

కోట లోపలి తోట మహాద్భుతంగా ఉంది... అదే భయంకరం! బయట ఉప్పుగాలికి గడ్డి కూడా మాడిపోతుంటే, లోపల గులాబీలు పిడికిళ్లంత, మందారాలు రక్తపు ముద్దలంత! పచ్చగా, దట్టంగా, జిగిగా... కానీ తుమ్మెద రొద లేదు. పిచ్చుక కిచకిచ లేదు. అడుగుపెట్టిన మనుషులు తమకు తెలియకుండానే గొంతు తగ్గిస్తున్నారు. ఏడుస్తున్న చంటిబిడ్డ గేటు దాటగానే ఠక్కున ఏడుపు ఆపేసింది!

ప్రతి మొక్క మొదట్లో చిన్న రేకు పలక. దానిమీద గుజరాతీ అక్షరాలు. మొదటిసారి వచ్చినప్పుడు అవి పూల పేర్లనుకున్నాడు పరమేశ్వర్. చదవడం వస్తే కదా!

హిమశ్రీ వంగి చదువుతోంది. "చంపా... జూహీ... హన్సా. హన్సా అని పువ్వు ఉంటదా? రమీలా... దక్షా... కైలాస్‌బేన్..." ఆమె వెన్ను నిటారైంది. "బాపు! యే ఫూల్ నహీ హై. ఇవన్నీ ఆడోల్ల పేర్లు!"

నలభై యాభై పలకలు... వరుసగా... సమాధి రాళ్లలా!

చివరి మడిలో ఒక లేత మొక్క. దానికి ఒకే మొగ్గ. నల్లగా, తారు ముంచినట్టు! కొత్త రేకు మీద ఒక్క మాట చెక్కి ఉంది. హిమశ్రీ కూడబలుక్కుని చదివింది.

"ఆ... డె... పు. ఆడెపు? మన ఇంటిపేరు ఈడెందుకున్నది బాపు?"

పరమేశ్వర్‌కు అప్పటికి అర్థమైంది. మనవాళ్లకు ఇంటిపేరే ముందు. రేషన్ దుకాణమైనా, దవాఖానైనా, అడిగినప్పుడల్లా చెప్పే తీరులోనే ఆనాడు భగత్‌కూ చెప్పాడు... 'ఆడెపు పద్మారాణి' అని. గుజరాతీ వాళ్లకు ముందు వచ్చేది మనిషి పేరు. ముసలివాడు ముందున్న మాటనే పట్టుకున్నాడు. నలభై రోజులుగా వాడు మంత్రం వేస్తున్నది పద్మారాణి పేరు మీద కాదు... ఇంటిపేరు మీద!

అంతలో మెడమీద చల్లని చెయ్యి...!

ఓంకార్ భగత్! ఎండిన తాటిమట్టలాంటి ఒళ్లు. చేతిలో మొక్కలు కత్తిరించే కత్తెర. గోళ్ల కింద మట్టి. ఆ మట్టిలో పొడుగాటి ఆడవెంట్రుక! హిందీ, గుజరాతీ కలిసిన గొంతుతో గుసగుసలాడాడు. "ఆలస్యమైంది. నీడ కాళ్ల కిందికి వచ్చింది. పద!"

'లోపలికి రాకూడదు' అన్న బోర్డు వెనక, బురుజు కింద, ఒకప్పుడు తుపాకిమందు దాచిన గది. మెట్లు దిగుతుంటే పాచి వాసన... ఆపైన కుళ్లిన పూల వాసన... దూలం మీద గుడ్లగూబ! పట్టపగలు రెప్ప వేయకుండా చూస్తోంది. నేలమీద నల్ల ఇసుకతో గీసిన వలయం. నడుమ కపాలం... ఆడమనిషి కపాలం! దాని నోట్లో నాలుక ఉండాల్సినచోట మండుతున్న వత్తి! చుట్టూ మూతులకు గుడ్డ కట్టిన మట్టి ముంతలు. ప్రతి ముంతా సన్నగా అదురుతోంది... లోపల ఎవరో మూలుగుతున్నట్టు!

పద్మారాణి తనంతట తానే నడిచి వెళ్లి వలయంలో కూర్చుంది.

"యే సబ్ క్యా హై? అమ్మా, లెవ్వు! బాపు, పోదాం పా!" హిమశ్రీ తల్లి చెయ్యి లాగబోయింది. వలయం అంచున కనిపించని గోడ తగిలి వెనక్కి పడింది!

భగత్ ఒక తాడు తీసి పద్మారాణి మెడకు చుట్టాడు. నల్లని జుట్టు తాడు. దానికి నలభై ముడులు!

"ఇప్పుతనంటివి గద భగత్!" పరమేశ్వర్ గొంతు పీలగా వచ్చింది.

"విప్పడమా?" ముసలివాడు కిసుక్కున నవ్వాడు. "నేను తోటమాలిని. నాటుతాను, పీకను. నలభై ఒకటో ముడి పడితే ఈమె గొంతు నా ముంతలోకి... దాని మూలుగే నా మొక్కకు ఎరువు! ఆ పూలు ఎలా విరగబూస్తున్నాయనుకున్నావ్?"

"మా అమ్మ ఎంటికెలు నీకెట్ల దొరికినయిరా కుత్తే!" హిమశ్రీ అరిచింది.

"మీ బాపునే అడుగు, బేటీ."

హిమశ్రీ తండ్రివైపు తిరిగింది. ఆ కళ్లలో ఇంకా నమ్మకం ఉంది! అదే అతన్ని నరికింది.

"బాపు... వాడు అబద్ధం చెప్తున్నడు గద? గట్ల కాదని చెప్పు."

పరమేశ్వర్ నోరు తెరిచాడు. కట్టు పెళ్లానికి కట్టించాడు, నోరు తనకు పడిపోయింది. భూమి చీలితే దూరిపోయేవాడే. చీలలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు... చూస్తూనే నిలబడ్డాడు.

ఫెళఫెళమంటూ పిడుగు! మేఘం సూర్యుణ్ణి మింగేసింది. పట్టపగలు కటిక చీకటి! భగత్ రెండు చేతులూ పైకెత్తి పిలిచాడు.

"ఆడెపూ! రా!"

పరమేశ్వర్ రొమ్ములో ఎవరో దారం గుచ్చి లాగినట్టయింది. హిమశ్రీ కూడా గుండె పట్టుకుని మోకాళ్ల మీద కూలింది. ఆ పేరు వాళ్లదీ కదా!

"ఆడెపూ!! రా!"

ముంతలు గడగడలాడాయి. కపాలం నోట్లో మంట నేలకు వంగింది, ఎవరికో దండం పెట్టినట్టు! గుడ్లగూబ కీచుమని అరిచి చీకట్లోకి ఎగిరిపోయింది. భగత్ కనుబొమలు ముడిపడ్డాయి... ఇలా ఎప్పుడూ కాలేదు. కానీ మంత్రం నడుమ ఆగితే చావు తప్పదు!

"ఆడెపూ!!! రా!!"

పద్మారాణి పెదవులు విడివడ్డాయి.

"ఎవడురా... మా ఇంటిపేరు పెట్టి పిలిసింది?"

అది ఆమె గొంతు కాదు! ముసలి గొంతు... బొంగురు గొంతు... ఆ గొంతు పరమేశ్వర్ ఎరుగును. నాయినమ్మ ఐలమ్మ! చచ్చి ఇరవై ఏళ్లు! బతికున్నన్నాళ్లు, మగ్గం గుంతలో తాత దగ్గితే చాలు, నోట్లో మాట నోట్లోనే మింగేసిన మనిషి. మనవడికి అన్నం పెట్టేటప్పుడు మాత్రం, అదీ చెవిలో, నాలుగు మాటలు చెప్పేది.

"నేను... నేను ఒక్కదాన్నే పిలిచాను!" భగత్ తడబడ్డాడు. "ఆడెపు అనే ఆడదాన్ని!"

"ఒక్కదాన్ని పిలిస్తివా, ఇంటిని పిలిస్తివారా లంగా? ఇల్లు పిలిస్తే ఇల్లంత రాదా!"

ఆ వెనకే మరో గొంతు... మరొకటి... ఇంకొకటి! పద్మారాణి ఒక్క నోటినుంచి గుంపులు గుంపులుగా! సన్నవి, మొద్దువి, పసుపు ఆరకుండానే పోయినవి, పళ్లూడి పోయినవి... ఆడెపు ఇంటికి కోడండ్లయి వచ్చిన ఆడవాళ్లంతా!

భగత్ బూడిద చల్లాడు. కపాలాన్ని ఎత్తి చూపాడు. "నోరు ముయ్యండి! మూస్తాను... అందరి నోళ్లూ కట్టేస్తాను!"

ఆ మాటకు వాళ్లు నవ్వారు. కోట పునాది కదిలింది ఆ నవ్వుకు!

"ఇగో, వీడు మన నోరు మూస్తడట అక్కా!" అంది ఒక పడుచు గొంతు.

"నోరు మూసుకొనే అత్తింటికి వస్తిమి. నోరు మూసుకొనే కాట్లె కాలితిమి," అంది ఐలమ్మ. "కొత్తగ నువ్వు మూసేదేందిరా మాకు? పట్టుండ్రే తాడు! సాలోల్ల వేళ్లకు ముడి ఇప్పేది ఎవడన్న నేర్పాల్నా?"

కనిపించని వేళ్లు తాడు మీద పడ్డాయి. టప్! ఒక ముడి విడింది. ఒక ముంత పగిలింది! అందులోంచి ఒక ఆడగొంతు కేక పెడుతూ మెట్లెక్కి తోటలోకి దూసుకుపోయింది. టప్! టప్! టప్! ముడి వెంట ముడి... ముంత వెంట ముంత! ఆ క్షణాన బార్డోలీలో చెరకు తోటల నడుమ ఒక ఇంట్లో, ఏడేళ్లుగా మూగదై పడి ఉన్న కోడలు చేతిలో చేట విసిరికొట్టి గావుకేక పెట్టింది! ఇంకెక్కడో ఒక ముసలామె మొగుడి పేరు పెట్టి తిట్టిపోయడం మొదలుపెట్టింది!

ముప్పై తొమ్మిది ముడులు రాలిపోయాయి.

ఒక్కటి మిగిలింది. మొట్టమొదటిది!

భగత్ పిచ్చిగా నవ్వుతూ తాడు రెండు కొసలూ పట్టుకుని లాగాడు. ఉన్న బలమంతా ఆ ఒక్క ముడిలోకి వచ్చింది! పద్మారాణి కళ్లు తేలిపోయాయి... ముఖం నీలమైంది... 

"పరమేశా!" ఐలమ్మ గొంతు బలహీనపడుతోంది. "గది మాతోని కాదు. పేరు ఇచ్చిన నోరే ఇప్పాలె. బిడ్డ ముంగట చెప్పు! ఏం చేసినవో చెప్పు!"

రాలిన ముడులతోపాటే వలయం గోడా కూలింది. పరమేశ్వర్ ఉరికి ముడి మీద పడ్డాడు. ముప్పై ఏళ్లు తెగిన పోగులను కళ్లు మూసుకుని ముడేసిన వేళ్లు... ఆ వేళ్లకు ముడి చిక్కలేదు!

"నేను... సంసారం మంచిగుండాల్నని..."

తాడు ఇంకాస్త బిగిసింది!

"ఆమెకు కోపమెక్కువని... ఆమె మంచికే..."

ఇంకా బిగిసింది! పద్మారాణి కాళ్లు నేలను తన్నుకుంటున్నాయి. హిమశ్రీ ఏడుపు ఆపి తండ్రినే చూస్తోంది. ఆ చూపు ముందు మనిషి నిలబడటం కంటే చావు నయం. కానీ చచ్చేది తను కాదే!

"నేనే ఇచ్చిన!" గొంతు చీల్చుకుని వచ్చింది మాట. "నేనే ఎంటికెలు తెచ్చిచ్చిన, నేనే పేరు చెప్పిన, నేనే ముడేసిన! నాకు సదువు రాదని ముప్పైమందిల అన్నది. అన్నది నిజమే! నాకు రాదు! సిగ్గయింది నాకు... నా అసొంటోన్ని సాకుతున్నదని సిగ్గు, నా కన్న మంచిగ మాట్లాడుతదని సిగ్గు! గందుకే దాని నోరు పడిపోవాల్నని కోరుకున్న. మంచికి గాదు... పడిపోవాల్ననే!"

టప్!

తాడు బూడిదై రాలిపోయింది!

"తాత పోలికే రా నీది," అంది ఐలమ్మ. తిట్టలేదు. అలసిపోయినట్టు అంది. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

ఆ తర్వాత జరిగింది క్షణకాలమే... వదిలిన గొంతుల ఘోషంతా తోట చుట్టూ సుడి తిరిగి, ఒక్కసారిగా బురుజులోకి దూకింది. ఓంకార్ భగత్ నోరు తెరుచుకుంది. మూయలేకపోయాడు! ఏళ్ల తరబడి వాడు దొంగిలించిన ఏడుపులు, తిట్లు, జోలపాటలు, శాపాలు... అన్నీ ఒకేసారి ఆ నోట్లోంచి లోపలికి! గొంతు ఉబ్బింది... దవడకు దవడ విడిపోయింది... "బస్! బస్ కరో!" అన్న కేక వెయ్యి గొంతుల్లో మునిగిపోయింది! నేల చీలి వేర్లు పైకి లేచాయి. వాడు పెంచిన మొక్కల వేర్లే! చేతులకు చుట్టుకున్నాయి, నోట్లోకి దిగాయి, గింజ నాటినట్టు మట్టిలోకి నొక్కేశాయి. కపాలం రెండుగా పగిలింది. దీపం ఆరింది. వాడు ఉన్నచోట గుప్పెడు నల్ల ఇసుక... అంతే!

పైన వర్షం విరుచుకుపడింది. సముద్రం పోటెత్తి కోటగోడను గుద్దింది. తోటలో పిచ్చుకలు ఎక్కడెక్కడి నుంచో దిగి, చెవులు పగిలేటట్టు కూయసాగాయి. జనం తలల మీద భజియా కాగితాలు పెట్టుకుని పరుగులు తీస్తున్నారు. పెద్ద పిడుగు పడిందని అనుకుంటున్నారు.

గదిలో పద్మారాణి కదిలింది. గొంతు తడుముకుంది.

"హిమా... బుక్కెడు నీళ్లియ్యే."

ఆమె గొంతే! హిమశ్రీ తల్లిని చుట్టుకుని బావురుమంది. పరమేశ్వర్ ఒక అడుగు ముందుకు వేయబోయి ఆగిపోయాడు. పద్మారాణి కూతురి భుజం మీదుగా అతన్ని చూసింది. అంతా విన్నదని ఆ చూపే చెప్పింది.

"గా ఒక్క మాటకా?"

అతను తల ఊపాడు.

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగినా బాగుండేది. నలుగురిలో చెంప పగలగొట్టినా బాగుండేది!

తిరుగు బస్సులో పద్మారాణి మాట్లాడుతూనే ఉంది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. మెస్సులో చేతికింద పనిచేసే ఊర్మిళ ఒక్కతే ఎట్ల వండిందో, గటక మాడగొట్టిందా లేదా, తినేటోళ్లు ఎంతమంది తగ్గిండ్రో... ముందు సీట్లోని గుజరాతీ ముసలామెతో కూడా వాన గురించి వచ్చీరాని మాటల్లో ముచ్చట పెట్టింది. హిమశ్రీ కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంది. తండ్రివైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

మధ్యలో ఒక స్టాపులో జనం దిగారు. పద్మారాణి పక్క సీటు ఖాళీ అయింది. ఆమె అతనివైపు చూడకుండానే, సీటు మీద పడ్డ వాననీళ్లు కొంగుతో తుడిచింది.

"కూసో," అంది.

పరమేశ్వర్ కూర్చోలేదు. పాండేసర వచ్చేదాకా ఆ ఖాళీ సీటు పక్కనే, పైన కమ్మీ పట్టుకుని, నిలబడే ఉన్నాడు.